కోకబ్ వేళ్లు

పారసీ దేశంలోని మా ఖలజ్ పల్లెలో అక్రోటు కాయల పచ్చి తొక్క ఒలిచే ఆడవాళ్ల వేళ్లు ఆ రసం మరకతో చలికాలం దాకా నల్లగానే ఉంటాయి. కోకబ్ వేళ్లు మాత్రం రెండేళ్లుగా తెల్లగా ఉన్నాయి. భర్త పోగానే, పట్నంలో పెరిగిన మరిది యదుల్లా వచ్చి ఆమె అక్రోటు తోటకు తాళం వేశాడు. అయినా ఆమె రోజూ పొద్దున్నే ఖాళీ సంచి భుజాన వేసుకుని ఆ గోడ చుట్టూ తిరిగి వస్తుంది.

కరిగిపోతున్న మా ఖలజ్ భాషను రాసిపెట్టుకోవడానికి ఒక పంతులు వచ్చి ఆమె ఇంట్లో టీ కాగే సమోవర్ పక్కన కూర్చున్నాడు. యదుల్లా కూడా చేరి, చక్కెర ముక్క పంటి కింద పట్టి టీ తాగుతున్నాడు. ‘తోట’ మాట ఎన్ని రకాలుగా మారుతుందో పంతులు అడిగితే, నా తోట, నా తోటకి, నా తోటలోంచి అంటూ కోకబ్ మాట వెనక ఒక్కో తోక తగిలించి గడగడా చెప్పింది. “ఇప్పుడు ‘అతని తోట’ అనండమ్మా” అని పంతులు తోట గొడవ ఏమీ తెలియక యదుల్లా వైపు చెయ్యి చూపాడు. ఆమె గ్లాసు కింద పెట్టింది. “అనను.”

“ఉత్త మాటే కదా వదినా. నోరు అరిగిపోతుందా?”

“తోట తిన్నావు. నా నోటితో ఒప్పుకోలు కూడా కావాలా నీకు? ఆ ఒక్క మాట లేకుండానే చావనీ మన భాష.”

పంతులు ఇబ్బందిపడి “పోనీ, మీరు చెప్పండి” అన్నాడు యదుల్లాతో. యదుల్లా ధీమాగా నోరు తెరిచాడు. వచ్చింది ఖలజ్ మాట కాదు, పట్నంలో నేర్చిన పారసీ మాట. పంతులు దాన్ని రాసుకోలేదు.