ఒక్కో మాటకు ఒక్కో మనిషి

మొన్న మొయినాబాద్‌లో బస్సెక్కి కూర్చోగానే పక్కనున్న ఆవిడ తన చామంతి మూటను నా కాళ్ల దగ్గరికి జరిపింది. తడిసిన గోనె వాసన, దాని వెంటే పచ్చి పూల ఘాటు. ఒక్క క్షణం సుగుణ మేడం గొంతు వినబడినట్టే అయింది. చేవెళ్ల నుంచి మెహదీపట్నం వెళ్లే పొద్దుటి బస్సులన్నీ ఒకప్పుడు ఇదే వాసన వేసేవి. ఈ రోజు నేను నలుగురు పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ బస్సు చలవే, అందులో కిటికీ పక్కన కూర్చునే ఆ మనిషి చలవే.

మేడం నగరంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్, ఉండేది చేవెళ్లలో. నేను ఆలూరు రైతుబిడ్డను. డిగ్రీ అయ్యాక ఎం.ఏ. ఇంగ్లీషు సీటు కోసం ఇంటర్వ్యూకు వెళ్లాను. గైడు పుస్తకం కొని అందులోని పెద్ద పెద్ద మాటలన్నీ బట్టీ పట్టాను. మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే, మా ఊళ్లో ‘నొటోరియస్’ రైతు అని గర్వంగా చెప్పాను. పేరున్నవాడు అని నా ఉద్దేశం. దొంగలకూ దగాకోర్లకూ వాడే మాట అదని నాకేం తెలుసు? లోపలున్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. సీటు రాలేదు. జరిగిందంతా చెబితే మా బాపు విని, “ఇంకొక్క ఏడాది” అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ ఏడాదీ దాటితే అజీజ్‌నగర్‌లో మామయ్య పనిచేసే రిసార్టులో రిసెప్షన్ దగ్గర కూర్చోవాలి. అది తక్కువ పనని కాదు, నాకు చదువు కావాలి.

అందుకే కోచింగ్‌కని రోజూ బస్సెక్కి, ఆ గైడే మళ్లీ వల్లెవేస్తున్నాను. పక్క సీటులోని మేడం కాసేపు విని, “గ్రిగేరియస్ అంటే?” అని అడిగారు.

“కలుపుగోలుతనం ఉన్న, మేడం.”

“ఎవరు?”

“ఎవరంటే?”

“గట్లాంటోళ్లు నీకు ఎవరు తెలుసు? మనిషిని చూడకుంట మాట ఎట్ల నేర్సుకుంటవ్ బిడ్డా?” అని ముందు సీటులోని పూలమ్మే యాదమ్మను చూపించారు. “బస్సెక్కంగనే అందరి ఇంటి సంగతులు అడుగుతది సూడు. పో, ఆ మాట ఆమెకు ఇచ్చి రా.”

సిగ్గుతో చచ్చిపోతూ వెళ్లాను. “అవ్వా, నీ అసుంటోళ్లకు ఇంగ్లీషుల ఒక మాట ఉన్నదంట. అందర్తోని కలిసిపోయేటోళ్లకు.”

యాదమ్మ పకపకా నవ్వింది. “మరి ఆ మాటకు నా పేరే పెట్టకపోయిరి!”

మేడం పద్ధతి అదే. మాటకు సరిపోయే మనిషిని వెతకాలి, వెళ్లి వాళ్ల మొహం మీద, వాళ్ల భాషలో చెప్పాలి. అప్పుడే ఇంకో మాట. మొండి అనే అర్థమున్న మాటను మా మేనత్తకు ఇచ్చి తిట్లు తిన్నాను. ఆ తిట్లతో ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు. గైడు ఎక్కడ పడేశానో కూడా గుర్తులేదు.

ఒకరోజు అజీజ్‌నగర్‌లో ఇద్దరు కుర్రాళ్లు ఎక్కారు. కంపు కొడుతోందని ఇంగ్లీషులో ఏదో అంటూ ఒకడు యాదమ్మ మూటను బూటుతో తోశాడు. మేడం లేచి నిలబడ్డారు. ఇప్పుడు చూడాలి, ఒక్కో మాట పిడుగులా పడుతుంది అనుకున్నాను. ఆమె మెల్లగా, ఒకటో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే ఇంగ్లీషులో మాట్లాడారు. నీ ఇంట్లో దేవుడి ముందు పెట్టే పూలు ఇవే, ఇప్పుడు వాటిని కాలితో తన్నావు, వంగి తియ్యి అన్నారు. వాడు వంగి తీశాడు. మూట ఒళ్లో పెట్టుకుని మెహదీపట్నం దాకా తల ఎత్తలేదు.

“అన్ని పెద్ద మాటలు వస్తయి గద మేడం, ఒక్కటన్న వాడకపోతిరి?”

“వానికి తప్పు తెల్వాలె గాని, నా చదువు తెలుస్తే ఏం ఫాయిద?”

ఆ ఏడాది గడిచింది. రెండోసారి ఇంటర్వ్యూలో ‘ట్యాసిటర్న్’ అంటే ఏమిటన్నారు. నేనెప్పుడూ వినని మాట. తెలిసినట్టు నటించబుద్ధి కాలేదు. “తెలియదు సార్. అర్థం చెబితే అది ఎవరి మాటో చెప్పగలను” అన్నాను. వాళ్లు మొహాలు చూసుకున్నారు. మితభాషి, అవసరమైతే తప్ప నోరు విప్పనివాడు అన్నారొకరు. ఇక నేను ఆగలేదు. చిన్న చిన్న మాటల్లో మా బాపు గురించి చెప్పాను. ధర పడిపోయినా ‘ఊ’ అంటాడని, పెరిగినా ‘ఊ’ అంటాడని, ఏడాది గడువిచ్చి మళ్లీ దాని ఊసెత్తలేదని, కానీ రోజూ నాకంటే ముందే లేచి, నన్ను చేవెళ్లలో దింపడానికి బండి స్టార్ట్ చేసి ఉంచుతాడని.

ఇంటర్వ్యూలో జరిగిందంతా మర్నాడే మేడంకు చెప్పాను. కొన్నాళ్లకు సీటు వచ్చింది. బస్సులో మేడం దగ్గరికి పరిగెత్తి ఫోన్ చూపించబోతే చేత్తో ఆపారు.

“బాపుకు ఇచ్చినవా ఆ మాట?”

“ఇంకా లేదు మేడం.”

“ముందు అది ఇచ్చి రా. సీటు యాడికి పోదు.”

ఆ సాయంత్రం బాపు బోరు దగ్గర క్యారెట్లు కడుగుతున్నాడు. “బాపూ, సీటొచ్చింది. వాళ్లు ఒక మాట అడిగిన్రు. తక్కువ మాట్లాడేటోళ్ల మాట. అది నీదని చెప్పిన” అన్నాను.

“ఊ” అన్నాడు. చేతిలో ఉన్నవి కడిగి గంపలో వేశాక అడిగాడు. “నవ్విన్రా?”

“లేదు బాపూ. చెప్పేదాక విన్నరు.”

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు, కానీ ఆలోపే అందులో నవ్వు నా కంటబడింది. మేడం మాట వినకపోతే ఆ మొహం నేను చూసేదాన్నే కాదు.

మేడం ఇప్పుడు లేరు. క్లాసులో కొత్త మాట రాగానే “ఎవరు?” అని నా నోట వచ్చేది ఆమె ప్రశ్నే. పిల్లలు ఇళ్లకు వెళ్లి చెప్పి, కొందరు తిట్లు తిని వస్తారు, కొందరు నవ్వుకుంటూ వస్తారు. ఏ మాటైనా, ఎవరికైనా ఇచ్చుకోమంటాను. ట్యాసిటర్న్ వస్తే మాత్రం అర్థం చెప్పి ఊరుకుంటాను. అది ఇచ్చేసిన మాట, మా బాపుది.