హార్లన్ భుజానికి పడని తూటాలు

హార్లన్ ఫోయిట్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏటా జింకల వేట మొదలయ్యే ముందు తుపాకీ మార్చేస్తాడు, అదీ వేరే సైజు తూటాలు పట్టేదానికి. నలభై మూడేళ్లుగా ఒకే భార్య, ఒకే టోపీ, ఒకే డొక్కు ట్రక్కు. తుపాకీ దగ్గర మాత్రం మనసు నిలవదు.

విస్కాన్సిన్ ఉత్తరాన ఆ చిన్న ఊళ్లో తుపాకుల కొట్టు మార్లిస్‌ది. తూటాల కరువొచ్చాక ఆమె బల్లమీద ఒక అట్ట నిలబెట్టింది: 'మనిషికి ఒక్క డబ్బా'. తెలివైనవాళ్లు ముందుగా అరలో ఏ తూటా మిగిలిందో చూసి, దానికి సరిపోయే తుపాకీ కొనేవారు. హార్లన్‌కి ఆ తెలివి లేదని మార్లిస్ నమ్మకం.

"ఈ రెండొందల నలభైమూడు సైజు తుపాకీ నా భుజానికి పడలేదమ్మాయ్."

"నిరుడు మూడొందల ఎనిమిదీ పడలేదన్నారు! అది భుజమా, కొత్తల్లుడా?"

ఆ ఏడు ముప్పై-ముప్పై సైజు తుపాకీ పట్టుకెళ్లాడు. ఏడాది తిరిగి, తెల్లారితే వేట అనగా, ఊళ్లో మిగిలిన ఆఖరి ముప్పై-ముప్పై డబ్బా కూడా ఆయనే కొన్నాడు. కొని, పొయ్యి పక్కన కాఫీ తాగుతూ కూర్చున్నాడు. అప్పుడే ట్వైలా వచ్చింది. కాగితం మిల్లు మూతపడి ఆమె మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. జింక పడితేనే ఈ చలికాలం పిల్లలకి మాంసం.

"మా ఇంట్లో ఉన్నదల్లా ఒక ముప్పై-ముప్పై. ఒక్క డబ్బా ఇవ్వు మార్లిస్."

"అయ్యో తల్లీ, ఆఖరిది ఇప్పుడే అమ్మేశాను."

ట్వైలా కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. హార్లన్ కప్పు కింద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా జారుకున్నాడు.

కొట్టు కట్టేసే వేళకి తుపాకీతో మళ్లీ దిగాడు. "ఈ ముప్పై-ముప్పై శుద్ధ దండగ. ఇంకోటివ్వు."

"పొద్దున కొన్న డబ్బా ఏదీ?"

"ట్రక్కులోంచి ఎక్కడో పడిపోయినట్టుంది."

మార్లిస్‌కి ఒళ్లు మండింది. "ఆ పిల్ల ఏడవడం చూశారుగా! మీకసలు మనసుందా?" అని నలుగురి ముందూ అనేసింది. కసికొద్దీ అటకమీది ముప్పై రెండు సైజు పాత తుపాకీ, దుమ్ముకొట్టుకున్న తూటాల డబ్బా తీసి ఆయన ముందు పడేసింది. "మూడు జిల్లాల్లో ఈ సైజు ఎవరి దగ్గరా లేదు. ఇక దీంతోనే ఏడవండి."

హార్లన్ టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం ట్వైలా జింకని ట్రక్కులో వేసుకుని వచ్చింది. కొట్టిన జింకల్ని సర్కారు లెక్కలో రాయించుకునేదీ మార్లిస్ కొట్లోనే.

"తూటాలెక్కడివే?"

"నిన్న మా గుమ్మంలో డబ్బా పెట్టి ఉంది. మీద చీటీ. 'ఇవి నా భుజానికి పడలేదు' అని. ఎవరంటావ్?"

మార్లిస్ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. హార్లన్‌కి రెండొందల నలభైమూడు పడని ఏడు, సెల్మర్ కాలు విరిగి మంచాన ఉంటే అతని కొడుకు ఆ సైజు తూటాతోనే జింకని కొట్టాడు. మూడొందల ఎనిమిది పడని ఏడు, బడిలో వంటచేసే ఓర్లా. ఇవన్నీ తన చేత్తో రాసినవే! అంత మాట ఎందుకన్నానా అని ఏడాది పొడుగునా కుమిలిపోయింది. క్షమాపణ అడుగుదామని రెండుసార్లు ఆయన గుమ్మందాకా వెళ్లి, మంచు గురించి మాట్లాడి వచ్చేసింది.

మళ్లీ నవంబరు. మళ్లీ హార్లన్, చంకలో తుపాకీ.

"ఈ ముప్పై రెండు..."

"భుజానికి పడలేదా?"

"పడలేదమ్మాయ్."

"ఆ సైజు ఇంకెవరి దగ్గరా లేదే!"

"నేనూ అలాగే అనుకున్నాను. నది అవతల ఒక ముసలమ్మ దగ్గర..." అని నాలిక కరుచుకున్నాడు.

మార్లిస్ ఆయన కోసం దాచిన తుపాకీ తీసింది. దాని పక్కన రెండు డబ్బాలు పెట్టింది.

"మనిషికి ఒక్కటేగా?" అన్నాడు హార్లన్.

ఆమె బల్లమీది అట్టని బోర్లా పడేసింది. "ఒకటి మీ భుజానికి పడకపోవడానికి పెద్దాయనా. రెండోదైనా మీరు కాల్చుకోండి."