మట్టి అంటని చెప్పులు

బెంగాల్ ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్‌లో వానాకాలమంటే, నా చిన్నప్పుడు, కింది వాటాల్లోకి నీళ్లు రావడమే. మంచాల కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని కూర్చునేవాళ్లం. అందుకే అక్కడున్న మా శ్రీకాకుళం వాళ్లలో ఎవరి చేతిలో నాలుగు డబ్బులు ఆడినా మొదట చేసే పని మేడ మీది వాటాకి మారడం. పక్కింటి అప్ప వాళ్ల నాన్నగారూ అదే చేశారు. మావైపు అక్కని అప్ప అంటాం.

ఆ అప్పకి పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. కింద ఉన్నన్నాళ్లూ చేతుల మీద డేకుతూ గుమ్మం దాటి అరుగు మీదకి వచ్చేది. చేపలమ్మే అన్నతో, దాదా దాదా అంటూ, బెంగాలీలో బేరమాడేది. వీధి పిల్లల తగువులన్నీ తనే తీర్చేది. తను నడవలేదన్న సంగతే మాకు గుర్తుండేది కాదు.

మూడో అంతస్తుకి మారిన రోజున నలుగురు కలిసి ఆమెని కుర్చీలో ఎత్తుకెళ్లారు. మెట్లు ఇరుకు, నిటారు. రోజూ దించడానికి ఎవరొస్తారు? వాళ్ల నాన్నగారు డాక్‌లో బరువులు మోసి నడుం పోగొట్టుకున్న మనిషి. ఆయనకి కూతురంటే ప్రాణం. పైనైతే నా తల్లికి గాలీ వెలుతురూ అని అందరితో గొప్పగా చెప్పుకునేవారు. ఆమెని ఒక్క మాట అడిగుంటే ఎంత బాగుండేది! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మేడ మీది వాళ్లు కూరగాయల కోసం తాడు కట్టి బుట్ట దించుతారు కదా, అప్ప లోకమంతా ఆ బుట్టే అయింది. నేను కింద నిలబడి అందులో వంకాయలు వేసేదాన్ని, ఒక్కోసారి ఊరికే ఓ పువ్వు.

ఆ ఏడు దుర్గపూజల ముందు కింది వాటా ఖాళీ అయింది. కిందకి పోదామని అప్ప తిండి మానేసి మరీ అడిగింది. వాళ్ల నాన్నగారు వినలేదు. పండక్కి అందరికీ కొన్నట్టే ఆమెకీ కొత్త చెప్పులు తెచ్చారు. అష్టమి పొద్దున బుట్ట దిగింది. చూస్తే అందులో ఆ చెప్పులున్నాయి.

"ఒలే గుంటా, ఈటిని అమ్మోరి పందిరి దాకా నడిపించి బేగి తెచ్చీ. మట్టి అంటాల," అంది అప్ప పైనుంచి.

నాకు ఆటలా అనిపించింది. ఆ పెద్ద చెప్పుల్లో కాళ్లు దూర్చి, టపటపలాడించుకుంటూ జనంలో పడి వెళ్లొచ్చాను. బురద కనిపిస్తే కావాలనే తొక్కాను. చెప్పులు బుట్టలో పెట్టి, నేనూ మెట్లెక్కి పరిగెత్తాను. అప్ప వాటిని ఒళ్లో పెట్టుకుని అడుగున బురదని వేలితో తడుముతోంది.

"సూడు నానా, నా చెప్పులు ఎల్లొచ్చినాయి. నాను ఎల్లలేంది నా కాళ్ల వల్ల కాదు, ఈ మెట్ల వల్ల," అంది.

ఆయన ఆ చెప్పులు తీసుకెళ్లి, శుభ్రంగా కడిగి, ఎండలో పెట్టారు. కింద నీళ్లొస్తాయమ్మా అన్నారు, అంతే.

పండగ వెళ్లాక కింది వాటాని ఎవరో అద్దెకి తీసుకుని బట్టల మూటలు దింపుకున్నారు. ఆ తర్వాత అప్ప బుట్ట దించలేదు, వాళ్లమ్మ దించేది. చివరిదాకా ఆమె ఆ మేడ మీదే ఉండిపోయింది.

ఆ వీధి వదిలినా నేను ఈ ఊళ్లోనే ఉన్నాను. ఎవరైనా నడవలేరని తెలిస్తే నా చూపు వాళ్ల కాళ్ల మీదకి పోదు, గడప మీదకి, మెట్ల మీదకి పోతుంది. అప్ప నేర్పిన చూపు అది. దానివల్ల ఎవరికి ఏం ఒరిగింది? ఇప్పుడు నా మోకాళ్లూ అరిగిపోయాయి. మాది లిఫ్టు లేని మేడ. కిందకి మారదామంటే మావాళ్లు నవ్వుతారు, వానొస్తే నీళ్లొస్తాయంటారు, పైన గాలి బాగుంటుందంటారు. మొన్న పూజలకి నాకూ కొత్త చెప్పులు తెచ్చారు. పోయినేడాదివి ఇంకా తలుపు పక్కనే ఉన్నాయి, అడుగున మట్టి అంటకుండా.