మార్తమ్మ పెద్దమ్మకు నేను పంపిన లింకు

ప్రభువు ప్రేమించిన సహోదరీ సహోదరులారా, ఈ మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం నాకిది రెండోసారి. మొదటిసారి నేను సగమే నిజం చెప్పాను, మిగతా సగం దాచాను, ఆ దాచినది ఆరు ఇళ్ళను గాయపరిచింది. ఈరోజు మొత్తం చెప్పడానికి ఆయన నాకు నోరిచ్చాడు, ఆయనకే స్తోత్రం.

నన్ను ఎరగనివారి కోసం చెబుతున్నాను, నా పేరు సుగుణ, మా కాపురం ఈ పట్నంలోనే, చూలై పేటలో. మా ఆయన దేవదానం అట్టపెట్టెలు చేసే వర్క్‌షాపులో పని చేస్తారు, మా అమ్మాయి కీర్తన కాలేజీలో కామర్స్ చదువుతోంది. నేను పదిహేనేళ్ళు ఎక్స్‌పోర్టు కంపెనీలో చొక్కాలు కుట్టాను. నడుములో డిస్కు జరిగి, ఇక మిషను ముందు కూర్చోవద్దని డాక్టరుగారు చెప్పిన రోజు నుండి నా చీకటి మొదలైంది. పొద్దున అందరూ వెళ్ళిపోయాక గోడవైపు తిరిగి పడుకుని, వీధిలో వర్క్‌షాపుల చప్పుడు వింటూ, లోకంలో అందరికీ పని ఉంది నాకు తప్ప అని ఏడ్చేదాన్ని. మా ఆయన ఒక్క మాట అనలేదు, ఆయన అనకపోవడమే నాకు ఇంకా కష్టంగా ఉండేది. మందులు అయిపోయాయని చెప్పడానికి సిగ్గుపడి రోజు విడిచి రోజు వేసుకునేదాన్ని.

అలాంటప్పుడు ఫోనులో ఒక వీడియో వచ్చింది. ఇంట్లో కూర్చుని సంపాదించవచ్చు, అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు దీన్ని, మేము ఇచ్చే లింకు మీకు తెలిసినవాళ్ళకు పంపితే చాలు, ఆ లింకు ద్వారా ఎవరైనా కొంటే మీకు కమీషన్ వస్తుంది అని ఒక మేడమ్ చెప్పింది. నేను నంబరు పంపాను, ఆమె ఫోను చేసింది. చక్కని తెలుగు, నోరు తెరిస్తే అక్కా అనే పిలుపు. నేను విశ్వాసినని తెలిసిన క్షణం నుండి ప్రతి మాటకు ముందు ప్రభువు నామం పలికేది. చేరాలంటే ముందు శిక్షణకు ఐదు వేలు కట్టాలంది.

కీర్తన ఆ వీడియో రెండుసార్లు చూసింది.

"అమ్మా, అఫిలియేట్ అనేది నిజంగానే ఉంది. పెద్ద పెద్ద షాపులే చేస్తాయి. కానీ ఆడ చేరేదానికి ఎవరూ డబ్బు అడగరు. వీళ్ళు ఎందుకు అడుగుతున్నారు? అమ్మే వస్తువు ఏదో కూడా సరిగ్గా చెప్పలేదు. కొంచెం యోచన చేయి."

"నీకు చదువు ఎక్కువైంది, విశ్వాసం తక్కువైంది" అన్నాను. కన్నబిడ్డను అంత మాట అన్నాను. అది ఫోను నా పక్కన పెట్టి కాలేజీకి వెళ్ళిపోయింది.

తరువాత మోకరించలేను కాబట్టి మంచం మీదనే చేతులు జోడించి ప్రార్థన చేశాను. "ప్రభువా, ఇది నీ దగ్గరనుండి వచ్చిన పనైతే, రేపు ఉదయంలోగా ఆ మేడమ్ నాకు మళ్ళీ ఫోను చేయాలి. చేస్తే నీ చిత్తమని నమ్ముతాను." సహోదరులారా, ఆమె తొమ్మిది గంటలకే ఫోను చేసింది. ఫోను చేయడమే ఆమె పని అని, నాలాంటివాళ్ళు ఎంతమందికో ఆ ఉదయం చేసి ఉంటుందని నాకు తట్టలేదు. నేను దేవుణ్ణి అడగలేదు, నాకు కావలసిన జవాబు ఆయన నోట పెట్టాను.

మా ఆయన జీతంలోనుండి తీసి కట్టాను. శిక్షణ అంటే నాలుగు వీడియోలు. అందులో వస్తువుల గురించి ఒక్క మాట లేదు, కొత్తవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఉంది. మా ఆడబిడ్డను చేర్చగానే నాకు కమీషన్ వచ్చింది, అది చేతికి రాగానే నేను మళ్ళీ మనిషినయ్యాననిపించింది. ఆ ఆదివారమే ఇక్కడ నిలబడి, మంచాన పడ్డ నాకు దేవుడు పని ఇచ్చాడని సాక్ష్యం చెప్పాను. మీరు చప్పట్లు కొట్టారు. ఆ డబ్బు ఏ వస్తువు అమ్మినందుకో కాదు, మా ఆడబిడ్డ కట్టినదానిలో ఒక ముక్క అని మీకు చెప్పలేదు.

కూడిక అయ్యాక మార్తమ్మ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. మీకందరికీ తెలుసు ఆమె ఎవరో, రాయపురంలో ముప్పై ఏళ్ళు ఇంటింటికీ చేపలు అమ్మిన మనిషి, భర్త పోయాక ఆ బుట్టతోనే బతికిన మనిషి. నేను చిన్నపిల్లగా ఈ సంఘంలోకి వచ్చినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాటలు నేర్పింది ఆమే.

"సుగుణా, బుట్ట ఎత్తేదానికి నా వల్ల కావడంలేదు మా. నాకు చదువు రాదు గదా, ఆ ఫోను పని నేను చేయగలనా?"

వద్దని చెప్పమని నా లోపల ఏదో గట్టిగా చెప్పింది, అది ఎవరి స్వరమో ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఇంకొక్కరు చేరితే నేను పై మెట్టుకు వెళతానని, కమీషన్ పెరుగుతుందని మేడమ్ ఆ ఉదయమే చెప్పింది.

"నేనుండాను గదా పెద్దమ్మా" అన్నాను.

"ఇది మంచిదేనా? ఎవర్నన్నా అడిగి చూడమంటావా?"

"అడగడం అవిశ్వాసం పెద్దమ్మా. దేవుడిచ్చేటప్పుడు చెయ్యి చాపాలంతే."

ఆ మాట అన్న నోరు ఇదే.

ఆమె దాచుకున్నది కట్టింది. లింకు నేనే ఆమె ఫోనులో పెట్టి, ఆమె దగ్గర చేపలు కొనే ఇళ్ళన్నిటికీ నేనే పంపాను. మార్తమ్మ పంపిందంటే మంచిదే అయి ఉంటుందని నలుగురు చేరారు. రెండు నెలలు తిరగకముందే ఖాతాలో చూపించే డబ్బు చేతికి రావడం ఆగిపోయింది, మీ కింద ఇంకా ముగ్గురు చేరితేనే ఖాతా తెరుచుకుంటుంది అని మెసేజి వచ్చింది, ఆ తరువాత మేడమ్ ఫోను ఎత్తడం మానేసింది.

ఆ రోజు మా ఆయన అన్నం ముందు కూర్చుని మెల్లగా అడిగారు.

"సుగుణా, ఇన్ని నెలల్లో మీ గ్రూపులో లేనివాళ్ళు ఒక్కరన్నా ఏదైనా సరుకు కొన్నారా?"

నేను ఒక్కొక్క పేరూ తలుచుకుంటూ పోయాను. ఒక్కరు కూడా లేరు. డబ్బు కట్టినవాళ్ళంతా చేరినవాళ్ళే, చేరినవాళ్ళు కట్టిందే ముందు చేరినవాళ్ళకు వెళుతోంది. నేను పెద్దగా చదువుకోనిదాన్నే కానీ ఇది అర్థం కావడానికి చదువు అక్కరలేదు. మొదటి రోజే అడిగి ఉంటే మొదటి రోజే అర్థమయ్యేది.

అప్పటి నుండి మూడు వారాలు నా ప్రార్థన ఒకటే. "ప్రభువా, నన్ను మోసం చేసినవాళ్ళను విడిచిపెట్టవద్దు." ఒకరోజు పాస్టరమ్మగారు నన్ను చూడడానికి ఇంటికొచ్చి, నా ఏడుపంతా విని, ఒక్క మాట అడిగారు.

"మార్తమ్మ కోసం ఏమని ప్రార్థిస్తున్నావు సుగుణా?"

ఆమె పేరు నా ప్రార్థనలో ఒక్కసారి కూడా రాలేదు. నేను మోసపోయినదాన్నే కాదు, మోసం చేసినదాన్ని కూడా అని ఆ మధ్యాహ్నం దేవుడు నాకు చూపించాడు. అమ్మగారి ముందే నోరు విప్పి, "తండ్రీ, నీ పేరు పెట్టి అబద్ధం అమ్మాను, నన్ను కనికరించు" అన్నాను. సహోదరులారా, నా విడుదల ఆ మాటతో మొదలైంది. నడుము నొప్పి అలాగే ఉంది, పోయిన డబ్బు పోయినట్టే ఉంది, కానీ నెలల తరబడి గుండెను పట్టుకున్న అబద్ధం నన్ను వదిలింది.

మరుసటి రోజు రాయపురం వెళ్ళాను. పెద్దమ్మ ఇంటిముందు మెట్టు మీద కూర్చుని ఉంది, పక్కన బుట్ట బోర్లించి ఉంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆమే మొదలుపెట్టింది.

"ముప్పై ఏండ్లు ఒక్క పాడు చేప అంటగట్టలేదు మా ఎవరికీ. ఇప్పుడు ఆ ఇండ్లకు పోతే తలుపు తీయడంలేదు. నీ తప్పు లేదులే అవ్వా అని ఒకామె అనింది, అని వేరేవాళ్ళ దగ్గర చేపలు తీసుకునింది."

"నన్ను క్షమించు పెద్దమ్మా. నాకు తెలిసీ నేను..."

"క్షమించినాను. నువ్వు రాకముందే క్షమించినాను, ప్రభువు చెప్పినాడు కాబట్టి. కానీ నిన్ను చూస్తే నా గుండె ముడుచుకుపోతుంది సుగుణా. గుడిలో నా పక్కన కూర్చోవాకు."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ నెలలోనే ఆమె ఇల్లు ఖాళీ చేసి సూళ్ళూరుపేట దగ్గర చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. నేను ఫోను చేస్తే ఎత్తదు. పోయిన క్రిస్మస్‌కు వెళ్ళాను, చెల్లెలు నీళ్ళిచ్చి కూర్చోబెట్టింది, ఆమె లోపలి గదిలోనుండి రాలేదు. క్షమాపణ దొరికింది, మనిషి దొరకలేదు. దేవుడు నా పాపం కడిగాడని నమ్ముతున్నాను, నేను చేసిన గాయం మాన్పడం ఆయన తన సమయంలో చేస్తాడని కూడా నమ్ముతున్నాను, అయితే అది నేను బతికి ఉండగా జరుగుతుందో లేదో నాకు తెలియదు.

మిగతా ఐదు ఇళ్ళకు కూడా వెళ్ళి తలవంచి ఒప్పుకున్నాను. కీర్తన నాతో పోలీసు స్టేషనుకు వచ్చి ఫిర్యాదు రాయించింది. తిరిగి వస్తుంటే బస్సులో దాని చెయ్యి పట్టుకుని, నువ్వు అడిగిన రోజు నిన్ను అవమానించాను అన్నాను. అది కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు నేను చీరలకు ఫాల్స్ కుడుతున్నాను, చేతి పని, నొప్పి వస్తే పడుకుని మళ్ళీ లేచి కుట్టవచ్చు. ఇది చిన్న పనే, కానీ చీర ఇచ్చేది ఎవరో నాకు తెలుసు, కట్టుకునేది ఎవరో తెలుసు.

ఇక్కడ నాలాగే ఇంట్లో పడి, నేను ఎవరికీ పనికిరాను అని ఏడుస్తున్నవాళ్ళు ఉంటే, నా మాట వినండి. దేవుడు మిమ్మల్ని మీ సంపాదన చూసి ప్రేమించడంలేదు, ఆయన మీద ఆనుకోండి, ఆయన విడిచిపెట్టడు. ఫోనులో పని అని వస్తే, ముందుగా మన దగ్గర ఎందుకు డబ్బు అడుగుతున్నారో అడగండి. బయటివాళ్ళు కొనే వస్తువు ఏదో చూపించమనండి. నా తరువాత ఎవరూ చేరకపోతే నాకు జీతం ఎక్కడినుండి వస్తుందో అడగండి. అడిగితే కోప్పడేవాళ్ళ దగ్గర ఆగవద్దు, వాళ్ళు ప్రభువు పేరు ఎన్నిసార్లు పలికినా సరే. మన దేవుడు ప్రశ్నలకు భయపడేవాడు కాడు.

కూడిక అయ్యాక నేను వెనక బల్ల దగ్గర ఉంటాను. అలాంటి మెసేజి ఎవరి ఫోనులో ఉన్నా తీసుకురండి, సిగ్గుపడవద్దు, మీ కంటే ముందు సిగ్గుపడినదాన్ని నేనున్నాను. ఇద్దరం కూర్చుని మెల్లగా చదువుదాం, అడగవలసినవన్నీ అడుగుదాం, ఆ తరువాత ప్రార్థన చేద్దాం. నన్ను ఇంకా విడిచిపెట్టని ఆయనకే మహిమ.