మల్లయ్య తలకు చుట్టిన రుమాలు

ఆరేళ్లుగా మోస్తున్నాను. ఇక మొయ్యను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. చేసింది మాత్రం దాచకుండా చెబుతాను.

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఒక ఫొటో దుకాణంలో పనిచేస్తాను. వెలిసిన ఫొటోలను కుంచెతో బాగుచెయ్యడం నా పని. పూర్వం మా ఊరికి ఒక ఫొటోగ్రాఫర్ ఏటా వచ్చి, తీసిన బొమ్మలను పోస్టుకార్డుల మీద అచ్చువేసి ఇచ్చేవాడు. ఆ కార్డులను ఇంటింటా అడిగి పోగుచేసి, మా ఊరి చరిత్ర అని ఆల్బం కట్టాను. మొదటి బస్సు, రైసుమిల్లు పొగగొట్టం, బడి పాక, అన్నీ ఉన్నాయి. ఊరంతా మెచ్చుకుంది. అందులో ఒక కార్డు అబద్ధం.

మా ఊళ్లో బావిలో నీళ్లు పడ్డనాడు, ఆ బావి ఎవరిదైతే వారి తలకు కొత్త రుమాలు చుట్టి ఫొటో తీయించేవారు. మా చేను పక్కన మల్లయ్య తవ్వుకున్న బావికీ అలాగే తీశారు. కొత్త రుమాలుతో మల్లయ్య, పక్కన కొబ్బరికాయ పట్టుకుని ఉత్త తలతో మా నాన్న. మల్లయ్య పోయాక ఆ బావి మాదేనని నాన్న అడ్డం తిరిగాడు. పెద్దమనుషులు పంచాయితీ పెట్టారు. మల్లయ్య భార్య రాజవ్వకు ఆ కార్డొక్కటే సాక్ష్యం. వెలిసిపోయింది, పెద్దది చేసి ఇమ్మని, నాంపల్లి స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ నా దగ్గరికే వచ్చింది. ఊరి పిల్లవాణ్ణని నమ్మింది.

కంచే చేను మేసింది. కార్డుకు పెద్ద ప్రతి తీసి, అందులో మల్లయ్య రుమాలు చెరిపి మా నాన్న తలకు చుట్టాను. నాన్న చెయ్యమన్నాడా? లేదు. ఎవరూ అనలేదు. మరెందుకు చేశాను? నాన్న మీద ప్రేమ అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను గానీ, అబద్ధాలకోరు కొడుకునని ఊళ్లో అనిపించుకోవడానికి సిగ్గుపడ్డాను, అంతే. ఆ సిగ్గుతో అంతకంటే సిగ్గుమాలిన పని చేశాను.

రాజవ్వ ఆ ప్రతిని చాలాసేపు చూసింది.

“రుమాలు మా ఆయన తలకుండె గదా బిడ్డా?”

“లేదవ్వా. పాతదాన్ల గిట్లనే ఉండె. నీకు యాది తప్పింది.”

“అసలుదేది?”

“మందునీళ్లల్ల నాని కరాబైంది.”

“ఔనా... నువ్వు సదువుకున్నోనివి. నాకే యాది తప్పినట్టుంది.”

పెద్దమనుషులు ఆ ప్రతినే చూశారు. ఆల్బంలోనూ దాన్నే కార్డంత చేసి అతికించాను. బావి మాదైంది. నీళ్లు లేక ఆమె చేను ఎండింది. ఇప్పుడు రాజవ్వ మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల గంపలు మోస్తోంది. కనబడితే ఇంకో గల్లీలోకి తిరుగుతాను. బావి పోయిందన్న బాధ ఒకటైతే, దానికంటే నన్ను తినేస్తున్నది ఇంకొకటి. భర్త తలకు రుమాలు చుట్టడం ఆమె కళ్లారా చూసింది. ఆ కళ్లనే నమ్మొద్దని నేను నమ్మించాను.

అసలు కార్డు పాడవలేదు. చింపడానికి చెయ్యిరాక నా పెట్టెలోనే దాచాను. ఇవాళ దానికి ఉన్నదున్నట్టుగా ప్రతి తీసి ఆల్బంలో అతికించాను. ఇంతకుముందు అతికించిన దాంట్లో రుమాలు మార్చింది నేనేనని కింద పేరుతో సహా రాశాను. ఆల్బం రేపు పెద్దమనుషులకు పోతుంది. అసలుది నేనే మార్కెట్‌కు వెళ్లి రాజవ్వ చేతిలో పెడతాను. నాన్న మళ్లీ నా మొహం చూడకపోవచ్చు. ఆమె ఉమ్మేస్తే తుడుచుకుంటాను. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. చెప్పాల్సింది ఒక్కటే, ఆరేళ్లుగా గొంతు దాటనిది. రాజవ్వకు యాది తప్పలేదు.