“నీళ్లు తాగుతవా?” అంటే దూపైందని

మా చెల్లెకు నాలుగేండ్లు నిండినంక గానీ మాటలు రాలె. వచ్చిన మాటలు గూడ మావే, మళ్ల మాకే అప్పజెప్పేది. “ఏం పేరు బిడ్డా?” అని ఎవలన్న అడిగితే, మొకం దిక్కు చూడకుంట “ఏం పేరు బిడ్డా?” అనేది. వచ్చినోళ్లు నవ్వెటోళ్లు. కొందరు గాలి సోకిందనెటోళ్లు. ఇప్పుడు దాన్ని ఆటిజం అంటున్నరు. యాభైలల్ల, చిట్యాల దగ్గరి మా ఊర్లె, ఆమెను పిచ్చిపిల్ల అనుడు తప్ప ఇంకో మాట ఎవలకూ తెల్వదు.

మాది గొర్లు కాసుకునే ఇల్లు. బాపు ఎప్పుడూ మందెనకనే ఉండేటోడు. చెల్లెను అర్థం జేసుకున్నది అమ్మనే. ఒక ఎండాకాలం చెల్లె అమ్మ కాడికొచ్చి “నీళ్లు తాగుతవా?” అన్నది. “నాకొద్దు బిడ్డా” అన్నది అమ్మ. చెల్లె మళ్ల అన్నది, మళ్ల అన్నది, ఆఖరికి నేల మీద పడి తల కొట్టుకున్నది. అమ్మ గాబరాగ చెంబు నోటికందిస్తే గటగట తాగింది. అప్పుడు సమజైంది అమ్మకు. నీళ్లిచ్చేటప్పుడు మేమనే మాట అది. దూపైతే అనాల్సిన మాట గదే అనుకున్నది ఆ పిల్ల. అప్పటి సంది అమ్మ “నాకు నీళ్లు గావాలె” అని చెల్లె తరఫున తనే అని చెంబిచ్చేది. కొన్ని నెలలకు చెల్లె గూడ అట్లనే అన్నది. ఆ పొద్దు అమ్మ కండ్లల్ల నీళ్లు ఆగలె.

ఏదైనా ఉన్నట్టుండి జరిగితే చెల్లె తట్టుకోకపోయేది. అందుకే తానం పోసేటప్పుడు అమ్మ ముందుగాల చెంబు చూపిచ్చి, చేతి మీద కొన్ని నీళ్లు పోసి, అటెనుక తల మీద పోసేది. డప్పు సప్పుడైతే చెల్లె దొడ్లెకురికి, గొర్రె కడుపుకు చెవి ఆనిచ్చి కూసునేది.

నేను బడికి పోతుంటే చెల్లె ఎంట పడేది. మాది ఒక్క గది బడి. మా సారు నల్లగొండ నుంచి వచ్చిన పడుచు మనిషి. మొదటి దినం పిల్లలంత ఎక్కాలు అరుస్తుంటే చెల్లె చెవులు మూసుకొని కేకలు వెట్టింది. సారు కోపానికి రాలె. సాయంత్రం మా ఇంటికొచ్చి, “అమ్మా, ఇంట్ల మీరెట్ల సముదాయిస్తరు?” అని అడిగిండు. అమ్మ అంతా చెప్పింది.

మర్నాటి సంది చెల్లెకు దర్వాజ పక్కన జాగా ఇచ్చిండు. ఎక్కాలు మొదలు వెట్టే ముందు ఆమె దిక్కు చెయ్యి లేపేటోడు. చెల్లె బయటికి పోయి, సప్పుడు ఆగినంక వచ్చి కూసునేది. “ఇదేమక్షరం?” అంటే మళ్ల అదే మాట వస్తదని, సారు అడుగుడు మానేసిండు. పలక మీద ఒక్కో అక్షరం చూపిచ్చుకుంట “ఇది అ… ఇది…” అని ఆగేటోడు. జర సేపటికి చెల్లె “ఆ” అనేది. రెండో ఏడాదికి మొకం గోడ దిక్కు పెట్టుకొనే, మొదటి తరగతి వాచకం మొత్తం చదివింది.

గంతల సారుకు బదిలీ అయింది. తెల్లారే పోవాల్సి వచ్చింది.

కొత్త సారు వయసు మళ్లినోడు. “మొకమెటు పెట్టినవ్?” అని చెల్లెను గదమాయించిండు. “మొకమెటు పెట్టినవ్?” అన్నది చెల్లె. పిల్లలు పకపక నవ్విన్రు. నేను లేసి, “సార్, అది గట్లనే అంటది, వెక్కిరిచ్చుడు గాదు” అన్న గానీ, అప్పటికే బెత్తం పడ్డది. చెల్లె తన చెయ్యి తనే రక్తమొచ్చేటట్టు కొరుక్కున్నది.

అమ్మ పోయి బతిమిలాడింది. “గిది బడి, దవాఖాన గాదు” అన్నడు ఆయన. బాపు, “పాణం కంటె సదువెక్కువా? ఇంక పంపుడు బంద్” అన్నడు.

చెల్లె మాత్రం పొద్దుగాలనే నా పక్కకొచ్చి నిలబడి “బడికి పోదామా?” అనేది. ఆమె అడుగుతలేదు, పోతనంటున్నది. అమ్మ మొకం తిప్పుకునేది. వానాకాలం దాటేసరికి ఆ మాట ఆగిపోయింది. తర్వాత అక్షరాలు పోయినయ్. ఎదిగేసరికి తిండికి, నీళ్లకు సంబంధించిన మాటలే మిగిలినయ్.

నా పెండ్లయినంక, నల్లగొండ బస్టాండ్ల పాత సారు కనపడ్డడు. నన్ను గుర్తువట్టి మొదటి మాటనే, “చెల్లె ఏం చదువుతాంది?” అన్నడు. జరిగింది చెప్పిన. సారు చేతిల సంచి కింద వెట్టిండు. “ఆ పిల్లతోని ఎట్ల మాట్లాడాల్నో కొత్తాయనకు రెండు ముక్కలు చెప్పి పోతే సరిపోయేది. సామాన్లు సదురుకునుట్ల పడి ఆ సంగతే మర్సిన” అన్నడు.

ఆ తర్వాతి ఆదివారమే మా ఊరికొచ్చిండు. చెల్లె దొడ్ల గొర్రెపిల్లకు పాలు పడుతున్నది. సారు పక్కన కూసొని “ఇది గొర్రె… ఇది…” అని ఆగిండు. చెల్లె తల ఎత్తలె. పొద్దుగుంకేదాక అట్లనే కూసొని, చిట్యాల బస్సుకు పోయిండు.

“అప్పుడు గీ సారు ఇంకొన్ని దినాలు మన ఊర్లెనే ఉండి ఉంటే…” అన్నది అమ్మ. మాట పూర్తి చెయ్యకుంటనే గొర్లకు గడ్డేసుటానికి లేసింది.