వానను తిట్టిన పిల్ల

మా ముదిగుబ్బ పక్క పల్లెల్లో వాన ముఖం చాటేస్తే ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఊరి పొలిమేరకు వెళ్ళి వానదేవుణ్ణి తిడతారు. మొక్కడం కాదు, తిట్టడమే. మా అవ్వ ఆ పనిలో ఆరితేరిన మనిషి. అత్తల ముందు గొంతు పెంచని కోడళ్ళు కూడా ఆ పూట నోటికొచ్చినట్టు అనొచ్చు. ఆ తిట్లకు తర్వాత ఎవరూ సంజాయిషీ అడగరు. అడిగితే వాన రాదని నమ్మకం.

అనంతపురంలో నేను చరిత్ర చెప్పే డిగ్రీ కాలేజీలో, మా పక్క నుంచే వచ్చిన గొర్రెలకాపరి కూతురు ఒకతె ఉండేది. మూడేళ్ళ క్రితం ఆడపిల్లల హాస్టల్ కొళాయిల్లో వారం రోజులు నీళ్ళు రాలేదు. ప్రిన్సిపాల్‌కు ఇచ్చిన అర్జీలు ఇచ్చినట్టే ఉన్నాయి. వార్షికోత్సవం నాడు ఆ పిల్ల ఖాళీ బిందె చంకన పెట్టుకుని వేదికెక్కి మైకు అందుకుంది.

“ఓరి నీళ్ళ దేవుడా! నీ కండ్లు కాకులు పొడవ! మా బిందెలు ఎండబెట్టి యాడ తొంగున్నావురా? నీ కొంపలో దీపం పెట్టే దిక్కు లేకపోను!”

హాస్టల్ పిల్లలంతా లేచి చప్పట్లు కొట్టారు. ఆమె ఎవరి పేరూ ఎత్తలేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ప్రిన్సిపాల్ ముఖం మాడిపోయింది.

మర్నాడే విచారణ కమిటీ వేశారు. ముగ్గురిలో నేనొకతెను. ఆ పిల్లను హాస్టల్ నుంచి తీసెయ్యాలా వద్దా అన్నది తేల్చాలి. వాళ్ళ ఊరి నుంచి పొద్దున బస్సు లేదు. హాస్టల్ పోతే చదువు పోయినట్టే. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

“మీదీ ఆ పక్కే కదా మేడం, మీరు చెప్పండి. ఇవి తిట్లా, కాదా?” అని కమిటీ పెద్ద అడిగారు.

“తిట్లే” అన్నాను.

అబద్ధం కాదు. కానీ పొలిమేర సంగతి, సంజాయిషీ అడగకూడదన్న సంగతి చెప్పడానికి నోరు రాలేదు. చెబితే మా అవ్వ గురించి కూడా చెప్పాలి. పట్నంలో కష్టపడి నేర్చుకున్న మర్యాద ఎక్కడ జారిపోతుందోనని సిగ్గుపడ్డాను.

“మేడం, మీకు తెలుసు గదా” అంది ఆ పిల్ల, బల్ల అవతల నిలబడి.

హాస్టల్ నుంచి తీసెయ్యాలన్న కాగితం మీద తల ఎత్తకుండా సంతకం పెట్టాను. క్లాసులో వాక్‌స్వాతంత్య్రం గురించి గంటసేపు దంచే నోరు ఇది. థూ, ఏం నోరు!

మొన్న రాయదుర్గం బస్టాండులో ఆ పిల్ల కనిపించింది. జీన్సు కుట్టే యూనిట్లో పనిచేస్తోందట. “బాగుండారా మేడం” అంది. గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కాస్త బాగుండేది. ఈ ఏడూ వానలు లేవు కదా, ఊళ్ళో ఆడోళ్ళు పొలిమేరకు పోయినారా అని మా పక్క మాటలోనే అడిగాను.

“పోయినారు మేడం. మాయమ్మ నన్నూ రమ్మనింది. నేను పోలేదు.”

“ఎందుకు పోలేదమ్మా?”

“అవి తిట్లే గదా మేడం” అని, వచ్చిన బస్సు ఎక్కి వెళ్ళిపోయింది.